ఇంకా ఆకలి కాలేదు

మళ్ళీ తెచ్చారా కురుషిమా గారూ
నూనెచెక్క పొట్లం?
పోయిన మంగళవారం తెచ్చింది
అదిగో, అరుగు మీదే ఉంది.
పురికొస ముడి కూడా విప్పలేదు నేను.
కూర్చోండి. బార్లీ టీ చల్లగా ఉంది.

మీ నల్ల పైన్ బతికే ఉంది.
సముద్రపు గాలి తగలని మూల
కుండీకి తీగతో కట్టేసి పెట్టాను.
ఊగితే కొత్త వేరు తెగుతుంది.

పదకొండేళ్ళు ఒకే మట్టిలో ఉంచారు దాన్ని.
మార్చిలో తీసి చూస్తే
వేళ్ళన్నీ గిన్నె అడుగున మాడిన అన్నంలా
కుండీ ఆకారంలోనే గట్టిపడి ఉన్నాయి.
మొదలు కింద గుప్పెడు బంకమట్టి,
ఎప్పుడో పొలంలోంచి పీకినప్పటిది.
దాని వాసన గురించి
ఫోన్లో మీకు చెప్పలేదు.

ఎడమ సగమే కడిగాను.
కుడి సగం ముట్టుకోలేదు, దాని వంతు రెండేళ్ళకి.
నడిసముద్రంలో రెండు ఇంజన్లూ
ఒకేసారి విప్పిస్తారా మీరు?

బలం రావాలంటే తిండి పెట్టాలంటారు.
కాదండీ,
బలం ఉన్నవాడే తినగలిగేది.
తెగిన వేరు నోరు కాదు, పుండు.
పుండు మీద మీరు తెచ్చిన కారం
నన్ను చల్లమంటున్నారు.

ఇరవయ్యారేళ్ళ వయసులో నేనూ చల్లాను.
కోడలిగా వచ్చి రెండో వసంతం,
వేళ్ళు కోసిన పదో రోజున
జాలిపడి, దోసిలి నిండా.
మే నెలకల్లా సూదులు తుప్పు రంగు.
మామగారు ఒక్క మాట అనలేదు.
చచ్చిన ఆ చెట్టుకి ఇంకో ఏడాది
రోజూ నా చేత నీళ్ళు పోయించారు.

మరి ఏం చేస్తున్నారు మీరు, అంటారా?
పొద్దున్నే మట్టిలో వెదురుపుల్ల గుచ్చి
తీసి బుగ్గకి ఆనించుకుంటాను.
చెమ్మ ఉంటే పోయను. పత్యం అంటే అదే.
మీరిచ్చే డబ్బు ఎక్కువగా
నేను చెయ్యని పనులకే.

ఇలా రండి. వంగలేరా, మోకాలా?
బల్ల ఎత్తుదామంటే కదపకూడదు.
మీరే వంగాలి.
కొవ్వొత్తుల్లా లేచాయే ఈ చిగుళ్ళు,
చూసి మురిసిపోకండి,
పోయినేటి దాపరికం ఖర్చవుతోందంతే.
సూదులు విడిపోవాలి. పచ్చబడాలి.
ఎండలో సొంతంగా నాలుగు డబ్బులు సంపాదించాలి.
అప్పుడు కింద తెల్లగా వేరు కదులుతుంది.
అప్పుడు అడుగుతుంది.

ఎలా అడుగుతుందా?
రెండ్రోజులు తడిగా వచ్చే పుల్ల
ఒక్క పూటకే పొడిగా వస్తుంది.

*

జూన్ ఎనిమిది. వానలు దిగకముందు
మూడు రోజులు గట్టిగా కాసిన ఎండ.
సాయంత్రం పుల్ల తీసి బుగ్గకి ఆనించాను,
ఇంకో బుగ్గకి కూడా.
తర్వాత తకమాత్సుకి ఫోన్ చేశాను.

మీ పొట్లమే విప్పాను కెప్టెన్ గారూ.
నాలుగు ముద్దలు, గోలీకాయంత,
అంచున, కుడివైపు మాత్రమే.
ఎడమవైపు ఇంకా వద్దు.

నాలుగేనా?
నాలుగే.
మిగతా పొట్లాలు?
మా వంగమొక్కలు తినేశాయి. వాటికి సిగ్గులేదు.
ఈ నెలాఖరుకి చిగుళ్ళు తుంచాలిగా?
ఈ ఏడు కత్తెర లేదు.
పొడుగ్గా, అడ్డదిడ్డంగా, అందం చెడి పెరగనివ్వండి.
చూపిస్తానని స్నేహితుల్ని వెంటేసుకురాకండి.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు.
ఆయన కిటికీ వెనక ఎక్కడో
ద్వీపాలకి వెళ్ళే ఓడ కూత.
నలభై ఏళ్ళు గాలి మీద అరిచిన గొంతు
ఎవరో నిద్రపోతున్నట్టు తగ్గింది:
ఇప్పుడు... తింటోందా?

ఫోన్ పెట్టేయండి, అన్నాను
నేనూ గొంతు తగ్గించి.